మణికట్టు మీదుగా గుండెకు

1994లో వెలువడ్డ బెనెస్టెంట్ అధ్యయనంలో ఒక అంకె చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. గుండె రక్తనాళంలో పూడికను ఉత్త బెలూన్‌తో తెరిపించుకున్నవాళ్లు సగటున 3.1 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. స్టెంట్ కూడా వేయించుకున్నవాళ్లు 8.5 రోజులు ఉండాల్సి వచ్చింది. మెరుగైన వైద్యమే మనిషిని మంచాన ఎక్కువ రోజులు పడుకోబెట్టింది!

ఇందులో గుండె తప్పేమీ లేదు. చిక్కంతా గజ్జలో ఉంది. స్టెంట్ అనే లోహపు జాలీ తగలగానే రక్తం గడ్డకట్టబోతుంది. అది జరగకుండా ఆ రోజుల్లో ఆస్పిరిన్, హెపారిన్, వార్ఫరిన్ అన్నీ కలిపి గట్టిగా ఇచ్చేవారు. రక్తం అంత పలచబడ్డ మనిషికి తొడ మొదట్లో పెద్ద ధమనికి, గుండెదాకా గొట్టం పంపడానికి చేసిన రంధ్రం ఉండేది. గొట్టం తీశాక అక్కడ చేత్తో చాలాసేపు నొక్కిపట్టాలి, పైన బరువు పెట్టాలి, కాలు మడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. బెడ్‌పాన్ సరేసరి. లోపలివైపు కారితే రక్తం పొట్ట వెనక్కి చేరుతుంది. బీపీ పడిపోయేదాకా బయటికి తెలియకపోవచ్చు.

బెనెస్టెంట్ రచయితల్లో ఒకరైన ఫెర్డినాండ్ కీమెనై అప్పట్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసిన డాక్టరు. ఈ రక్తస్రావాలు ఆయనకు కాగితం మీది అంకెలు కావు. 1989లో మాంట్రియల్ డాక్టరు లూసియన్ కాంపో, 100 మందికి మణికట్టు ధమని గుండా యాంజియోగ్రామ్ చేసి ఆ అనుభవాన్ని ప్రచురించారు. అది పరీక్ష వరకే. ఆ దారిలోనే చికిత్స కూడా చేయవచ్చు కదా అనుకున్నారు కీమెనై. 1992లో మణికట్టు నుంచి బెలూన్ పంపారు, మరుసటి ఏడాదికి స్టెంట్ వేసిన అనుభవాన్నీ ప్రచురించారు.

మణికట్టు దగ్గర నాడి పట్టి చూసే చోటే ఇది. ధమని చర్మం కిందే ఉంటుంది, దాని వెనక గట్టి ఎముక. రక్తం కారితే కంటికి కనిపిస్తుంది, బొటనవేలితో నొక్కితే ఆగుతుంది. పైగా అరచేతికి రెండో ధమని కూడా రక్తం తెస్తుంది, రెండూ అరచేతిలో కలుస్తాయి. ఒకటి మూసుకుపోయినా సాధారణంగా చెయ్యి చల్లబడదు.

అయితే దారి ఇరుకు. ధమని వెడల్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లు, స్టెంట్ పనికి వాడే 6 ఫ్రెంచి సైజు కేథటర్ గొట్టం 2 మిల్లీమీటర్లు. దానికి తోడు ఈ ధమనికి కోపమెక్కువ. గొట్టం తగలగానే బిగుసుకుంటుంది, చెయ్యి లాగేస్తున్నట్టు నొప్పి పుడుతుంది. అందుకే సూది, సన్నని తీగ, వాటి మీదుగా పొట్టి గొట్టం దిగగానే నాళాన్ని సడలించే వెరాపమిల్ లాంటి మందు, గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తారు. కొత్తగా నేర్చుకునే డాక్టర్లను బాగా విసిగించేదీ, చాలామందిని ఏళ్లతరబడి గజ్జ దగ్గరే ఆపేసిందీ ఈ బిగింపే అనిపిస్తుంది.

పని అయ్యాక గొట్టం తీసి మణికట్టుకు ఒక ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. గాజుపలకలా పారదర్శకంగా ఉంటుంది. అందులోని బుడగలోకి సిరంజితో గాలి ఎక్కిస్తే రంధ్రం మీద ఒత్తిడి పడుతుంది. గాలి మెల్లగా వదులుతూ, రక్తం చుక్క కనిపించగానే మళ్లీ కొంచెం ఎక్కించి ఆపుతారు. రక్తస్రావం ఆగాలి, ధమనిలో ప్రవాహం మాత్రం ఆగకూడదు. మరీ బిగిస్తే ధమని శాశ్వతంగా పూడిపోవచ్చు. ఈలోగా రోగి లేచి కూర్చుంటాడు, కాఫీ తాగుతాడు, బాత్‌రూమ్‌కు తానే నడిచి వెళ్తాడు.

నడిచి తిరుగుతున్న మనిషిని రాత్రికి ఎందుకు ఉంచాలి? స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోతుందన్న భయం ఒకటి మిగిలింది. అలాంటి ముప్పు చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది. 1997లో కీమెనై బృందం ప్రచురించిన అధ్యయనంలో 188 మందికి ఇలా స్టెంట్లు వేస్తే, 100 మందిని అదే రోజు పంపేశారు. 24 గంటల్లో వాళ్లలో ఎవరికీ గుండె సమస్యగానీ రక్తస్రావంగానీ రాలేదు. తర్వాత క్యూబెక్‌లో 1005 మందితో జరిగిన ఈజీ అధ్యయనం 2006లో వెలువడింది. అదే రోజు పంపే పద్ధతి సురక్షితమేనన్న నమ్మకాన్ని అది బలపరిచింది. ఈలోగా వార్ఫరిన్ పోయి, ఆస్పిరిన్‌కు తోడుగా ప్లేట్‌లెట్లను అడ్డుకునే మరో మందు వచ్చింది.

అదే రోజు ఇంటికి వెళ్లడం అందరికీ కుదరదు. గుండెపోటుతో వచ్చినవాళ్లు, కిడ్నీలు బలహీనమైనవాళ్లు, ఇంట్లో తోడు లేనివాళ్లు ఆగాల్సిందే. మన దేశంలో ఇంకో అడ్డంకి వైద్యానికి సంబంధించింది కాదు. డే కేర్ చికిత్సలను మినహాయిస్తే, బీమా పాలసీలు సాధారణంగా 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలంటాయి. అందుకే సాయంత్రానికి పంపిస్తామంటే, ముందు పాలసీ కాగితాలు చదువుకోవాలి.

కీమెనై అక్కడితో ఆగలేదు. 2017లో బొటనవేలి మొదట్లో, చేతి వెనకవైపు పడే గుంటలోంచి అదే ధమనిని అందుకోవడం గురించి రాశారు. ఎడమ చెయ్యి పొట్ట మీదుగా కుడివైపు వాల్చితే, కుడి పక్కన నిలబడే డాక్టరు నడుం వంచక్కర్లేదు, రోగి మోచెయ్యి తిప్పి పెట్టుకోనక్కర్లేదు. కుడి చేత్తో అన్నం తినే మనలాంటి వాళ్లకు ఆ పూట ఇబ్బంది కూడా తప్పుతుంది.