వార్తల్లో పదం: బ్లెబ్ నీడ్లింగ్

నీటికాసుల జబ్బుకు చేసిన ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్‌లో ఏర్పరచిన దారి పూడుకుపోతే, దాన్ని సూదితో మళ్లీ తెరవడమే బ్లెబ్ నీడ్లింగ్. 1968లో కంటి వైద్యుడు కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీలో కంటిలోని ద్రవం బయటికి రావడానికి తెల్లగుడ్డులో చిన్న దారి చేస్తారు. ఆ ద్రవం పైరెప్ప చాటున, పలుచని పైపొర కింద బుడగలా చేరి మెల్లగా ఇంకిపోతుంది. ఆ బుడగ పేరే బ్లెబ్.

ఏ గాయమైనా మానడం మంచిదే, ఇక్కడ మాత్రం అదే చిక్కు. పొర కింద మచ్చ గట్టిపడితే ద్రవం ఆగి, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మత్తు చుక్కలు వేసి, సన్నని సూదితో ఆ మచ్చను చీలుస్తారు. మళ్లీ అతుక్కోకుండా మైటోమైసిన్-సి లేదా 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు వాడతారు.

ఒత్తిడి చాలా కళ్లలో వెంటనే తగ్గుతుంది, ఆ తగ్గుదల నిలవడమే కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ విజయం శాతం పడిపోతుంది, కొందరికి రెండోసారి, మూడోసారి కూడా సూది తప్పదు. ముందే ఒత్తిడి బాగా ఎక్కువగా ఉన్న కళ్లలోనూ, సూది వేసిన వెంటనే అది 10 మిల్లీమీటర్ల పాదరసం స్థాయికి దిగని కళ్లలోనూ విఫలమయ్యే అవకాశం ఎక్కువ. చుక్కల మందుతో ఒత్తిడి 21 లోపు ఉన్నా విజయమేనని కొందరు లెక్కిస్తారు, మందు లేకుండానే ఉండాలని మరికొందరు. అందుకే అధ్యయనాల అంకెలను నేరుగా పోల్చడం సరికాదు.

రక్తస్రావం, ద్రవం కారడం, ఒత్తిడి మరీ పడిపోవడం దీని దుష్ఫలితాలు. ఇన్‌ఫెక్షన్ అరుదు, కానీ ప్రమాదకరం. బ్లెబ్ ఉన్న కన్ను ఎన్నేళ్ల తర్వాతైనా ఎర్రబడినా, నొప్పిపెట్టినా, పుసి కట్టినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.