టైరు పెరిగింది.. లాగుడు తగ్గింది!

కొరాపుట్: సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతోంది జీపు. ముందు లోడు లారీ. దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే మోతే తప్ప ఊపు లేదు. ఎదురుగా మలుపు! అందం కోసమో, అడవి దారి కోసమో పెద్ద టైర్లు వేయించిన వారికి ఈ చిక్కు మామూలే. 'ఇంజిను పోయింది' అనుకుని పంపు, ఇంజెక్టర్లు విప్పిస్తే జేబుకు చిల్లే.

కిటుకంతా టైరు ఎత్తులోనే ఉంది. 2020కి ముందరి మహీంద్రా థార్ సీఆర్‌డీఈకి కంపెనీ వేసిన 235/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 29 అంగుళాలు. 32 అంగుళాలది వేస్తే ఒక్కో చుట్టుకు బండి పది శాతం ఎక్కువ దూరం పోతుంది. లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. టైరు బరువు దీనికి అదనం. మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో ఉన్నట్లే.

మరేం చేయాలి?

క్రౌన్, పినియన్ మార్చాలి. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో గుణించి, పాత ఎత్తుతో భాగిస్తే లెక్క తేలుతుంది. 3.73 ఉన్న బండికైతే 4.10 సరిపోతుంది. ఫోర్‌వీల్ బండికి ముందు, వెనుక రెండూ ఒకే నిష్పత్తిలో ఉండాల్సిందే. ఒకటే మార్చి ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసుకు దెబ్బ.

అంత ఖర్చు భరించలేమంటే పాత సైజుకు రావడమే మేలు. అందాకా ఒక గేరు తగ్గించి ఎక్కాలి, ఓవర్‌టేక్ మానాలి. పెద్ద టైర్లతో బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. ఎక్కిన ఘాట్ దిగాలి కదా!