వృద్ధుల నొప్పికి ఓపీలోనే ఉపశమనం: ఖరగ్‌పూర్‌లో భాషే చిక్కు

న్యూ సెటిల్‌మెంట్ (ఖరగ్‌పూర్): నయం కాని జబ్బుతో బాధపడే వృద్ధుని నొప్పి తగ్గించడానికి ప్రతిసారీ ఆసుపత్రిలో చేర్చుకోనక్కరలేదు. ఔట్‌పేషెంట్ విభాగంలోనే ఓపికగా విని, తగిన మందు రాసి ఇస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుందన్నది ఉపశమన వైద్యంలో రుజువైన విషయం. అయితే ఆ వినడం ఏ భాషలో జరగాలన్నదే ఈ రైల్వే పట్టణంలో తెలుగువారికి ఎదురయ్యే ప్రశ్న.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారు పనులకోసం ఇక్కడికి తరలివచ్చారు. పదవీ విరమణ చేసి, క్వార్టరు ఖాళీ చేసినా ఊరు విడిచిపెట్టని కుటుంబాలు అనేకం. 1997 జనవరి 1న అమలులోకి వచ్చిన విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకం ప్రకారం 20 ఏళ్ల సర్వీసు గలవారు, వారి జీవిత భాగస్వాములు రైల్వే ఆసుపత్రుల్లో వైద్యం పొందవచ్చు. చీటీ దొరుకుతుంది, మందూ దొరుకుతుంది. బాధను వివరించవలసి వచ్చినప్పుడే చిక్కు.

తెలుగులో నొప్పి ఒక్కటి కాదు. సలుపు, పోటు, పీకు, మంట, తిమ్మిరి వేర్వేరు. ఇవన్నీ హిందీలో 'దర్ద్' అన్న ఒక్క మాటగా మారితే వైద్యునికి సగం సమాచారం పోయినట్లే. మంట, తిమ్మిరి సాధారణంగా నరాల నొప్పికి సూచనలు. దానికి గబాపెంటిన్ వంటి మందులు కావాలి. మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయకపోగా, వృద్ధుల మూత్రపిండాలను, కడుపును దెబ్బతీయగలవు.

తీవ్రమైన కేన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలను వేళ ప్రకారం వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం విధించిన లైసెన్సుల చిక్కులను 2014 సవరణ చాలావరకు తొలగించింది. నల్లమందు నుంచి వచ్చే మందన్న భయం మాత్రం తొలగలేదు. కేరళలోని కాలికట్‌లో 1993లో మొదలైన సంస్థ ఓపీ క్లినిక్‌తోనే ఈ సేవను నడిపి చూపింది.

బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. రైల్వే ఆసుపత్రి కేంద్రానిది కనుక ఆ హోదా ఓపీ గది దాకా రాదు. వెంట వెళ్లిన మనవడే దుబాసీ కావాలి. అతని ఎదుట మలబద్ధకం సంగతి ఏ పెద్దామె చెబుతుంది? మార్ఫిన్ వాడేవారిని మొదట అడగవలసింది దాని గురించే.