మెష్ సరిగ్గా లేక.. సముద్రంలో మునిగిన భారీ కట్టడం

1991 ఆగస్టు 23న నార్వేలోని స్టావాంగర్ దగ్గర సముద్రపు పాయలో ఓ భారీ కాంక్రీట్ కట్టడాన్ని పరీక్ష కోసం మెల్లగా నీళ్లలోకి దించుతున్నారు. చమురు, గ్యాస్ తీసే 'స్లీప్నర్ ఏ' ప్లాట్‌ఫామ్‌కు అది పునాది. ఉన్నట్టుండి లోపలి గోడ పగిలి నీళ్లు చొచ్చుకొచ్చాయి. కాసేపట్లోనే కట్టడం మొత్తం మునిగి ముక్కలైంది. ప్రాణనష్టం జరగలేదు కానీ నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. డిజైన్‌కు వాడిన కంప్యూటర్ లెక్క తప్పడం ఒక కారణమైతే, ఇనుప చువ్వల అమరిక చాలకపోవడం మరో కారణమని విచారణలో తేలింది.

మెష్ అంటే ఏమిటి?

ఏ భాగం మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పే సమీకరణాలు ఉన్నాయి. సాదా ఆకారాలకైతే వాటిని కాగితం మీదే సాధించొచ్చు. వంపులు, మూలలు, రంధ్రాలు ఉంటే కుదరదు. అందుకే ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా, ఎక్కువగా త్రిభుజాలుగా విడగొడతారు. కిటికీ జాలీలా కనిపించే ఈ అల్లికే మెష్. ఒక్కో ముక్కలో లెక్క తేలిక. అన్నీ కలిపితే మొత్తానికి జవాబు వస్తుంది. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ అంటారు.

కంప్యూటర్ ఎలా గీస్తుంది?

లక్షల ముక్కలను చేత్తో గీయలేం కదా. ఇక్కడ రష్యా గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో చెప్పిన నియమం పనికొస్తుంది. త్రిభుజం మూడు మూలల మీదుగా వృత్తం గీస్తే, దాని లోపల మరో బిందువు ఉండకూడదు. ఇలా చేస్తే సూదుల్లాంటి సన్నని త్రిభుజాలు తగ్గుతాయి. ఇంకా మిగిలితే సాఫ్ట్‌వేర్ కొత్త బిందువులు చేర్చి సరిచేస్తుంది. సన్నని ముక్కలుంటే లెక్కలో తప్పు పెరుగుతుంది.

తప్పు ఎక్కడ జరిగింది?

స్లీప్నర్‌లో గుండ్రటి గదులు కలిసే మూలల్లో ముక్కలు మరీ పెద్దగా, వంకరగా ఉన్నాయి. దాంతో అక్కడి కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా లెక్కగట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా లెక్కేస్తే 62 మీటర్ల లోతులో గోడ పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర!

ఇంజినీరింగ్ చదివే పిల్లలు జీమెష్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఒక్క అలవాటు తప్పనిసరి: మూలల దగ్గర ముక్కల్ని ఇంకా చిన్నవి చేసి మళ్లీ లెక్కించాలి. జవాబు బాగా మారిందంటే మొదటి లెక్కను నమ్మకూడదు.