వేలెడంత దీపం... బల్లంత వెలుగు!

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది కానీ కీబోర్డు మీద అక్షరాలు కనిపించవు. పక్కనున్న నోటు పుస్తకం సంగతి సరేసరి. తెల్లారితే పరీక్ష! అలాంటప్పుడు ల్యాప్‌టాప్ పక్కనుండే యూఎస్‌బీ సందులో ఓ బుల్లి దీపం గుచ్చితే చాలు, బల్లంతా వెలుగే.

ఆ సందు 1996లో వచ్చింది. వడోదరలో చదువుకుని ఇంటెల్‌లో చేరిన అజయ్ భట్ దాని రూపకర్తల్లో ఒకరు. మౌస్, ప్రింటర్ లాంటివి తగిలించడానికి పెట్టిన ఆ సందులోంచి కాస్త కరెంటు కూడా వస్తుంది. యూఎస్‌బీ 2.0లో అయితే 5 వోల్టుల దగ్గర రెండున్నర వాట్లు. పాతకాలపు గుండు బల్బు అంత కరెంటుతో వెలుగుతుందా? ఎల్‌ఈడీకి మాత్రం ఒక వాటు చాలు.

తెల్లటి ఎల్‌ఈడీకి మూలం నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అది 2014 అక్టోబరు 7. విచిత్రం చూడండి... సరిగ్గా ఐదు రోజులకు, 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తాండవ జలాశయం ఉన్న నాతవరం మండలం అప్పుడు ఆ జిల్లాలోదే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

తుపాన్లు ఇక రావని ఎవరూ చెప్పలేరు. మరి మన జాగ్రత్తలో మనం ఉండొద్దూ? 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో ఉండేది 37 వాట్-అవర్లు. మధ్యలో మూడోవంతు వృథా అయినా ఒక వాటు దీపం దాదాపు 24 గంటలు వెలుగుతుంది. రోజుకు మూడు గంటలు చదువుకుంటే వారం గడిచిపోతుంది. కిరోసిన్ బుడ్డిలా పొగ రాదు, పుస్తకం అంటుకుంటుందన్న భయమూ లేదు.

అయితే దీపం ఉంటే సరిపోదు, పెట్టే తీరు కూడా తెలియాలి. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతుంటే కళ్లు త్వరగా అలసిపోతాయి. దీపం కాంతి కీబోర్డు మీదా పుస్తకం మీదా పడాలి. తెర మీదా, సూటిగా కళ్లలోనూ పడకూడదు. కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమవైపు పెట్టుకుంటే రాసేచోట చేతినీడ పడదు. రాత్రిళ్లు నీలిఛాయ ఎక్కువున్న తెల్లకాంతి నిద్రను చెడగొడుతుంది కాబట్టి పసుపుఛాయది మేలు.

కొనేముందు ఓ చిన్న పరీక్ష. సెల్‌ఫోన్ కెమెరాలోంచి వెలుగుతున్న దీపాన్ని చూడండి. నల్లటి చారలు కదులుతున్నాయా? కంటికి తెలియకుండా మిణుకుమిణుకుమంటోందన్నమాట. దాన్ని పక్కన పెట్టేయండి. వెలుగు తగ్గించుకునే మీట ఉన్నదైతే మరీ మంచిది.

ఈసారి కరెంటు పోతే పోనీయండి, పిల్లల చదువు మాత్రం ఆగదు!