బిడ్డకు ఏమి తేవాలి?

క్రిస్మస్ వస్తుందనగానే మేనమామలు, మేనత్తలు తలా ఒక ప్లాస్టిక్ బొమ్మ తెస్తారు. మైపాడు, కొత్తకోడూరు, ఇస్కపల్లి వంటి మన తీరపు ఊళ్లలో ఒకటి రెండు గదుల ఇళ్లు ఎన్నో. వలలు, తాళ్లు సర్దగా మిగిలిన చోటులోనే బిడ్డ చదువుకోవాలి, పడుకోవాలి. అందుకే "ఇక బొమ్మలు వద్దండీ" అనే తల్లులున్నారు. ప్రియులారా, ఆ మాటకు నొచ్చుకోకండి.

హన్నాను చూడండి. సమూయేలుకు ఏటేటా ఆమె తీసుకువెళ్లినది ఒక్క చిన్న అంగీ. దూరాన ఉన్న బిడ్డ ఎంత ఎదిగాడో మనసులోనే కొలిచి కుట్టి ఉంటుంది. పోయిన ఏటిది పొట్టి అవుతుంది గనుక మూటలు పేరుకునే బాధ లేదు.

మన ఉదయగిరి చెక్క చెంచా ఒకటి ఇవ్వవచ్చు. చేత్తో తినే ఇంట్లోనూ పాయసానికి పనికివస్తుంది.

అంతకన్న మంచిది, వెంట తీసుకువెళ్లి చూపించడం. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు 1976 నుండి పక్షుల రక్షిత కేంద్రం. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. శీతకాలంలో గూడబాతులు అక్కడి కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పులికాట్ చేపలు తెచ్చి పిల్లలను సాకుతాయి. తల్లి నోటి సంచిలోకి పిల్ల తల దూర్చి తింటుంది. మత్స్యకారుల బిడ్డయితే, అది ఏ చేపో మీకే చెబుతాడు. ఉదయాన్నే బయలుదేరండి, పులిహోర కట్టుకోండి. బైనాక్యులర్స్ మాత్రం కొనకండి, ఎవరినైనా అడిగి పట్టుకెళ్లండి.