పాత కోతలో కొత్త గర్భం

పాపకు మూడేళ్లు. మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఇంట్లోనే పరీక్ష చేసుకుంటే రెండు గీతలు కనిపించాయి. వారం తిరిగేసరికి కొద్దికొద్దిగా రక్తం. నొప్పి పెద్దగా లేదు. 'మొదట్లో ఇవన్నీ మామూలేనమ్మా' అని అత్తగారు ధైర్యం చెబుతారు. మూడో నెలలో స్కానింగ్‌కి వెళ్దాంలే అనుకుంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా. కానీ పొట్ట మీద కోత ఉన్నవాళ్లు అన్నాళ్లు ఆగకూడదు.

గర్భం నిలవాల్సిన చోట కాకుండా నాళంలో నిలవడం గురించి చాలామంది వినే ఉంటారు. ఇది దానికి దగ్గరి చుట్టమే. సిజేరియన్ కోత మానినచోట గర్భసంచి గోడ ఒక్కోసారి సన్నబడి, చిన్న గుంటలా మిగిలిపోతుంది. పిండం వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. వైద్య పత్రికల్లో దీన్ని మొదటిసారి రాసింది 1978లో. సుమారు రెండు వేల గర్భాల్లో ఒకటి ఇలా ఉండొచ్చని అంచనా. అరుదే కదా అనిపిస్తుంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే! ముహూర్తం చూసి మరీ కోత పెట్టించుకునే మన ఇళ్లలో, ఆ కోత తర్వాతి కాన్పుకి ఏం చేస్తుందని అడిగేవాళ్లు తక్కువ.

పట్టుకోవడానికి సరైన సమయం ఆరు, ఏడు వారాలు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో గర్భసంచి పైభాగం ఖాళీగా, గర్భాశయ ముఖద్వారం ఖాళీగా ఉండి, పిండం తిత్తి ముందువైపు పాత కోత దగ్గర కనిపిస్తుంది. దానికీ మూత్రాశయానికీ మధ్య గోడ పల్చని పొరలా ఉంటుంది. ఆలస్యమైతే తిత్తి పైకి పెరిగి మామూలు గర్భంలాగే కనబడుతుంది. కొన్నిసార్లు జారిపోతున్న గర్భమని పొరబడతారు. జారే తిత్తి స్కానింగ్ పరికరంతో మెల్లగా ఒత్తితే కదులుతుంది. ఇది కదలదు, చుట్టూ రక్తప్రసారం జోరుగా ఉంటుంది.

ఈ తేడా తెలియకుండా మామూలుగా డీ అండ్ సీ చేస్తే రక్తం ఆగకపోవచ్చు. స్కానింగ్ లేకుండా మెడికల్ షాపులో మాత్రలు కొని మింగడమూ ఇంతే ప్రమాదం.

కష్టమంతా ఇక్కడే ఉంది. తెర మీద గుండె కొట్టుకుంటూ ఉంటుంది. ఉంచుకుంటాం డాక్టరుగారూ అంటారు ఇంట్లోవాళ్లు. అలా కొనసాగి బిడ్డలు పుట్టిన సందర్భాలు లేకపోలేదు. అయితే మాయ గోడలోకి చొచ్చుకుపోయి, కాన్పు సమయంలో గర్భసంచినే తీసేయాల్సి వచ్చిన తల్లులు చాలామంది. గోడ చిట్లితే తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే 2020లో అమెరికా ప్రసూతి నిపుణుల సంఘం వేచిచూడవద్దనే సలహా ఇచ్చింది.

చికిత్స అందరికీ ఒకటి కాదు. తిత్తి లోపలివైపు పెరుగుతూ గోడ కాస్త మందంగా ఉంటే, స్కానింగ్‌లో చూస్తూ జాగ్రత్తగా పీల్చి తీసేస్తారు. కొందరికి మెథోట్రెక్సేట్ మందును సూదితో నేరుగా తిత్తిలోకే ఎక్కిస్తారు. గుండె కొట్టుకుంటుంటే ఒంటికిచ్చే ఇంజెక్షన్ ఒక్కటే తరచూ సరిపోదు. మూత్రాశయం వైపు పెరిగితే లాప్రోస్కోపీతోనో, పొట్ట తెరిచో తీసి, ఆ చోట మళ్లీ కుట్టేస్తారు. ఏదైనా రక్తం సిద్ధంగా ఉన్న పెద్దాసుపత్రిలోనే జరగాలి.

ఇంటికొచ్చాక హెచ్‌సీజీ రక్తపరీక్ష పూర్తిగా తగ్గేదాకా చేయించుకుంటూనే ఉండాలి. దీనికి వారాలు పడుతుంది. మెథోట్రెక్సేట్ తీసుకున్నవాళ్లు కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాత మామూలు కాన్పులు అయినవాళ్లు చాలామందే ఉన్నారు. మళ్లీ నెల తప్పితే మాత్రం మూడో నెల దాకా ఆగకుండా ఆరో వారంలోనే స్కానింగ్‌కి వెళ్లాలి. వెళ్లేటప్పుడు బీరువా అడుగున ఉన్న పాత ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లి, ఇదివరకు సిజేరియన్ అయిందని డాక్టరుకు ముందే చెప్పాలి.